పాతది అంటే ఏది?

"పాత చింతకాయ పచ్చడి" అని వెక్కిరించడం మనకి అలవాటు. అలా వెక్కిరించిన నోటికే జ్వరం తగిలి నాలుక చేదెక్కితే, అటక మీంచి ఏ జాడీ దించుతాం? ఆ పాత చింతకాయ పచ్చడి జాడీయే. బాలింతకి పత్యం పెట్టేదీ అదే. పాత బియ్యం ఒదుగుతాయని ధర ఎక్కువ పెట్టి కొంటాం. అదే మరిగిన పాత నూనె అయితే మొహమాటం లేకుండా పారబోస్తాం. పప్పుకి ఒక లెక్క, పచ్చడికి ఒక లెక్క, నెయ్యికి ఇంకో లెక్క. "ఇన్నేళ్ళు దాటిందా, అయితే పారెయ్" అని ఒకే సూత్రం పెట్టుకుని వంటిల్లు నడిపే ఇల్లాలు నాకైతే ఎక్కడా కనపడలేదు.

కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివంతా పక్కన పెట్టేస్తాం. "పాత ఫైళ్ళు తీసేస్తే సరి" అని ఇంట్లో మగవాళ్ళు అంటారు. "మీకు తెలిసినట్టు చెయ్యండి" అని మనం అంటాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఏది పాతది, ఏది దాచాలి, ఏది పారేయాలి అన్నది ఇంటి విషయం. ఇంటి విషయం గనక అందులో మన మాట చెల్లాలి. చెల్లాలంటే, పాత ఫైళ్ళు వెతికి పక్కన పెట్టే నాలుగు వరసల స్క్రిప్టు మనమే రాయగలగాలి. బీఏ తెలుగు చదివి, ఇరవై రెండేళ్ళుగా గరిటె పట్టుకున్న నేను రాశాను. మీకు రాకపోవడానికి కారణమేమీ నాకు కనపడడం లేదు.

ఈ చర్చ ఇప్పుడు చాలా ఇళ్ళల్లో నడుస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లని అమ్మాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది ప్రశ్న. మా హాల్లో మూలనున్న పెద్ద డబ్బాదీ అదే కథ. దానికి ముందు వాడిన రెండు కంప్యూటర్లలోంచి, మూడు నాలుగు ఫోన్లలోంచి, ఒక డిజిటల్ కెమెరాలోంచి ఎప్పటికప్పుడు ఎత్తి పోసినవన్నీ అందులోనే ఉన్నాయి. 'న్యూ ఫోల్డర్', దాన్లో 'న్యూ ఫోల్డర్ 2', దాన్లో 'పాత డెస్క్‌టాప్', దాన్లో 'అన్నీ'. మొత్తం నలభై వేల పైచిలుకు ఫైళ్ళు.

మావారు తీర్పు చెప్పేశారు. "ఐదేళ్ళుగా ఎవరూ తెరవలేదంటే మనకి అక్కర్లేదనేగా. తెరిచినవి కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కిద్దాం. మిగతావి చెరిపేసి డబ్బా అమ్మేద్దాం."

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఇదే సూత్రం బీరువాకి పెడితే నా పెళ్ళి పట్టుచీర ఈపాటికి ఎప్పుడో పోవాలి. ఐదేళ్ళుగా కట్టలేదు కదా! పొలం దస్తావేజులు ఐదేళ్ళుగా ఎవరు విప్పారు? విప్పలేదని ఎవరైనా భోగిమంటలో వేస్తారా? తిరుమలలో తాళ్ళపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు ఆలయంలో ఒక రాతి గదిలో ఎంతకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయో మనందరికీ తెలుసు. ఆ గదికి ఐదేళ్ళ సూత్రం పెట్టి ఉంటే ఈవేళ మనం పొద్దున్నే అన్నమయ్యని వినేవాళ్ళమా? ముట్టుకోకుండా ఉండటానికీ అక్కర్లేకపోవటానికీ చాలా దూరం ఉంది.

మా అబ్బాయి పుణేలో ఉంటాడు. ఫోన్ చేసి విషయం చెప్తే, "అమ్మా, చేత్తో వెతికితే నీకు సంక్రాంతి దాకా పడుతుంది. విండోస్‌లోనే పవర్‌షెల్ అని ఉంటుంది, నువ్వే రాసుకో" అన్నాడు. అది 2006 నుంచీ ఉందిట. విడిగా కొనక్కర్లేదు, దించుకోనక్కర్లేదు, నీలం రంగు కిటికీలా తెరుచుకుంటుంది. వాడు రాసి పంపిస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. వాడు రాస్తే అందులో వాడి లెక్క ఉంటుంది. పద్ధతి ఏమిటో చెప్పమన్నాను.

పద్ధతి చూస్తే నాకు నవ్వొచ్చింది. మా డిగ్రీ వ్యాకరణం పేపరే. ఆజ్ఞలన్నీ విధ్యర్థకాలు. ప్రతి ఆజ్ఞకీ రెండు ముక్కలు, ముందు క్రియ, వెనక నామవాచకం. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, ఇక్కడ ముందుకొచ్చి నిలబడుతుంది. 'అన్నం పెట్టు' అనే బదులు 'పెట్టు-అన్నం' అనడం, అంతే తేడా.

నాకు అవసరమైనవి నాలుగే. 'గెట్-చైల్డ్ ఐటెమ్' అంటే ఫలానా ఫోల్డర్లో ఏమున్నాయో చెప్పమని. పక్కన 'రికర్స్' అని చేరిస్తే లోపలి ఫోల్డర్లు, వాటి లోపలివి కూడా వదలకుండా తిరిగి వస్తుంది. 'వేర్-ఆబ్జెక్ట్' అంటే వచ్చినవాటిలో నా షరతుకి తగినవే ఉంచమని. 'ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ' అంటే వాటిని ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితాగా రాసిపెట్టమని. 'మూవ్-ఐటెమ్' అంటే చెప్పిన చోటికి జరపమని. ఒకదాని చేతిలోంచి ఇంకోదాని చేతికి అందించడానికి మధ్యలో ఒక నిలువు గీత. బియ్యం చెరగడం, జల్లించడం, డబ్బాలో పోయడం వరసగా జరిగినట్టే.

ఇవి కాక ఇంకో మాట ఉంది, అన్నిటికంటే నాకు నచ్చింది అదే. జరపమనే ఆజ్ఞ చివర 'వాట్-ఇఫ్' అని తగిలిస్తే అది ఏ ఫైలునీ కదపదు. "నువ్వు చెప్పినట్టు చేస్తే ఇవి ఇక్కణ్ణించి ఇక్కడికి వెళ్తాయి" అని చదివి వినిపిస్తుంది. పెళ్ళికి సరుకుల చిట్టా పంపే ముందు ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే అందరూ వింటాం కదా, అలాగన్నమాట. చెరిపేసే ఆజ్ఞ కూడా ఒకటుంది, 'రిమూవ్-ఐటెమ్'. దాంతో తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళవు, నేరుగా పోతాయి. అందుకని నా స్క్రిప్టులో ఆ మాటకి చోటివ్వలేదు. స్క్రిప్టు పని వెతకడం, జాబితా రాయడం, జరపడం. చెరపడం నా చేతి పని.

ఇక అసలు చిక్కు షరతు రాసే చోట వచ్చింది. "పాతవి" అని రాస్తే దానికి అర్థం కాదు. ఏ తేదీని బట్టి పాతవో చెప్పాలి. ఒక్కో ఫైలుకి మూడు తేదీలుంటాయి. పుట్టిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, చివరిసారి తెరిచిన తేదీ.

మావారి సూత్రం మూడో తేదీ మీద ఆధారపడింది. తమాషా ఏమిటంటే చాలా కంప్యూటర్లలో విండోస్ ఆ తేదీని నమ్మకంగా రాయనే రాయదు. ఫైలు తెరిచినప్పుడల్లా తేదీ మార్చుకుంటూ కూర్చుంటే వేగం తగ్గుతుందని ఆ పని ఆపి ఉంచుతారు. అంటే "ఐదేళ్ళుగా ఎవరూ తెరవలేదు" అన్న మాటకి కంప్యూటర్ దగ్గర సాక్ష్యమే లేదు. మావారికి ఇది చూపిస్తే కాసేపు స్క్రీన్ వంక, కాసేపు నా వంక చూశారు.

పుట్టిన తేదీ ఇంకా వింత. ఒక డిస్క్‌లోంచి ఇంకో డిస్క్‌లోకి కాపీ చేస్తే, కాపీ చేసిన రోజే ఆ ఫైలు పుట్టినరోజు అయిపోతుంది. మార్చిన తేదీ మాత్రం పాతదే ఉంటుంది. అందుకే మా కంప్యూటర్లో పుట్టడానికి పదేళ్ళ ముందే మారిన ఫైళ్ళు వేలకొద్దీ ఉన్నాయి! ఉన్నవాటిలో కాస్త నిలకడైనది మార్చిన తేదీయే. దానికీ పరీక్షలున్నాయి. కెమెరాలో సెల్ అయిపోతే దాని గడియారం మొదటికి వెళ్ళిపోయేది. అందుకే మా అబ్బాయి ఐదో పుట్టినరోజు ఫొటోలు, వాడింకా పుట్టని ఏడాది తేదీతో ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో తీసిన తేదీ వివరాలు దార్లోనే రాలిపోతాయి, ఫైలు పేరులో ఉండేది మనకి అందిన తేదీ. మా పెద్దత్తయ్య పెళ్ళినాటి నలుపు తెలుపు ఫొటో ఎవరో మొన్న పంపితే, కంప్యూటర్ లెక్కలో అది కొత్త ఫొటో.

అందుకని నేను తేదీతో మొదలుపెట్టలేదు. వంటింట్లో చేసినట్టే ముందు రకాలు విడదీశాను, తర్వాత ఒక్కో రకానికి ఒక్కో లెక్క రాశాను.

ఫొటోలు, గొంతులు, వీడియోలు: వీటికి వయసు లేదు. ఎన్నేళ్ళవైనా జాబితాలోకి రావాలి, మనిషి కంటితో చూడాలి. దస్తావేజులు, సర్టిఫికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు: ఇవీ అంతే. కరెంటు బిల్లులు, టికెట్లు, రీచార్జి రసీదులు: వీటికి మాత్రం ఐదేళ్ళ సూత్రం హాయిగా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి దించుకున్నవి: ఎప్పటివైనా అక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చినవి: రెండేళ్ళు దాటితే పక్కకి.

ఆ చివరి రకం గురించి ఒక మాట చెప్పాలి. నేనేదో అన్నీ పోగేసుకునే మనిషిననుకునేరు. గుడ్ మార్నింగ్ గులాబీలు, శుభ శుక్రవారం లక్ష్మీదేవులు కలిపి ఐదు వేల పైనే తేలాయి. లక్ష్మీదేవికి మనసులో దణ్ణం పెట్టి తీసేశాను. అన్నీ దాచిన ఇంట్లో అవసరానికి ఏదీ దొరకదు. నిజానికి దాచడం కన్నా తీసేయడానికే ఎక్కువ బుర్ర కావాలి.

ఒకటే ఫొటో నాలుగు చోట్ల ఉండటం ఇంకో బెడద. పేర్లు వేరు, లోపల ఒకటే. దీనికి 'గెట్-ఫైల్ హాష్' అని ఉంది. ఫైలు మొత్తం చదివి 64 అక్షరాల వేలిముద్ర ఒకటి ఇస్తుంది. పేరు ఏదైనా, లోపల అచ్చంగా ఒకటే అయితే వేలిముద్ర ఒకటే. ఒక్క చుక్క తేడా ఉన్నా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. అలా చూస్తే దాదాపు మూడో వంతు రెట్టింపులే. ఒకటి ఉంచి మిగతావి తీసేస్తే ఎవరికీ ఏ నష్టం లేదు. ఇలాంటి పనికి యంత్రాన్ని మించింది లేదు, నేను వందేళ్ళు కూర్చున్నా చెయ్యలేను.

కానీ యంత్రానికి తెలియనివి ఉన్నాయి. జాబితాలో 'రికార్డింగ్ 017' అని ఒక చిన్న ఫైలు వచ్చింది. పాత నోకియా ఫోన్లలో గొంతు రికార్డు చేస్తే ఏఎంఆర్ అనే రకంలో ఉండేది, ఇది అదే. మార్చిన తేదీ 2009. పేరు చూస్తే ఏమీ తెలీదు, సైజు చూస్తే ఏమీ లేదు. వీఎల్‌సీలో తెరిస్తే మా అత్తగారి గొంతు. మాగాయకి ముక్కలు ఎంత ఎండాలో, ఎన్ని సోలల ముక్కకి ఎంత ఉప్పు, ఎంత కారమో నాకు చెప్తున్నారు. మధ్యలో కుక్కరు కూత. "ఆ ఫోను అవతల పెట్టి ముందు రాసుకోవే, అది మర్చిపోతుంది" అని కసురుకోవడం కూడా ఉంది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఆవిడ గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. మావారు రెండుసార్లు విన్నారు. మూడోసారి వినకుండా లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఐదేళ్ళ సూత్రం గురించి మళ్ళీ మాట్లాడలేదు.

నేను ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన సూత్రంలో ఉన్నది దురుద్దేశం కాదు, తొందర. తొందరగా తేల్చాలంటే అంకె ఒక్కటే చాలనిపిస్తుంది. నా బాధ అల్లా ఆ అంకె వేసేటప్పుడు అటక సర్దేవాళ్ళని అడగకపోవడం గురించే.

ఇంకోటి కూడా దొరికింది. మా ఆడపడుచు ఒకప్పుడు చాలా ఇబ్బందుల్లో ఉన్న రోజుల్లో వాళ్ళ నాన్నగారికి రాసిన ఈమెయిళ్ళు, ఆయన వర్డ్ ఫైళ్ళుగా దాచుకున్నవి. మొదటి రెండు వాక్యాలకే విషయం అర్థమై మూసేశాను. స్క్రిప్టుకి తేదీ తెలుసు, సైజు తెలుసు. అవి ఎవరివో, ఎవరు చదవొచ్చో, ఎవరు చదవకూడదో తెలీదు. మామగారు ఇప్పుడు లేరు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆమె చేతికే ఇచ్చాను. "వదినా, నువ్వు చదివావా?" అంది. లేదన్నాను. ఇంట్లో ఉన్న కాపీ ఆమె ఎదురుగానే తీసేశాను. దాచడం ఎంత బాధ్యతో కొన్నిసార్లు దాచకపోవడం అంత బాధ్యత. ఇలాంటివి ఏ షరతులో రాస్తాం?

మన ప్రభుత్వానికి కూడా ఈ సంగతి తెలుసు. 1993లో వచ్చిన పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1892కి ముందటి ప్రభుత్వ కాగితాలని ఇక వాడటానికి పనికిరానంతగా చెడిపోతే తప్ప నాశనం చెయ్యకూడదంటుంది. దాని కింద వచ్చిన నియమాలు, పాతికేళ్ళు దాటిన వాటిని పరిశీలించకుండా పారేయకూడదంటాయి. అంటే అక్కడ వయసు పెరిగిన కొద్దీ పారేయడం కష్టం కావాలి. మన ఇళ్ళల్లో వయసు పెరిగిన కొద్దీ పారేయడం తేలిక అవుతోంది!

దొరికాక దాచడం ఇంకో ఘట్టం. మా మామగారు తెలుగు మాస్టారు. మా ఊరి పెద్దల వంశవృక్షాలు, చెరువు కథ, గుడి కథ నలభై పేజీలు రాసి డీటీపీ సెంటర్లో టైపు చేయించారు. ఫైలు భద్రంగా ఉంది. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, డాలరు గుర్తులు కలిపి ఎవరో చల్లినట్టుంది. అప్పట్లో డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసేవారు. ఆ ఫాంటు కంప్యూటర్లో ఉంటేనే అది తెలుగులా కనపడుతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక కూడా అచ్చు పనివాళ్ళు చాలాకాలం పాత పద్ధతే వాడారు. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి. మార్చి, తప్పులు దిద్దుతూ కూర్చుంటే నాకు నెల పట్టింది. ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం మీద వాలాయి. అక్కడ నా బీఏ నిజంగా అక్కరకొచ్చింది.

తాటాకు పుస్తకాలని మన పెద్దలు తరం తరానికీ కొత్త ఆకుల మీదకి ఎందుకు ఎక్కించేవారో అప్పుడు బాగా తెలిసింది. బ్రౌను దొర చేసిందీ అదే. ఊళ్ళలో మూలపడి ఉన్న ప్రతులు వెతికించి, పండితులకి జీతాలిచ్చి, ప్రతిని ప్రతితో పోల్చి మళ్ళీ రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆకు మిగులుతుందేమో గానీ చదివేవాడు మిగలడు. ఫైళ్ళ సంగతీ అంతే. జిప్ చేసి పక్కన పెట్టేస్తే దాచినట్టు కాదు, ఇప్పటివాళ్ళు తెరవగలిగే రూపంలోకి మార్చి పెట్టాలి. అసలు ఫైలు కూడా పక్కనే ఉంచాలి.

జిప్ అన్నాను కాబట్టి, అదీ చెప్తాను. పవర్‌షెల్‌లో 'కంప్రెస్-ఆర్కైవ్' అని ఉంది, ఫోల్డర్ మొత్తాన్ని ఒక మూట కడుతుంది. ఒక్కో ఫైలు 2 జీబీ దాటితే దానికి చేతకాదు, పెద్ద వీడియోలు అందులో పట్టవు. ఫొటోలు అప్పటికే కుదించి ఉంటాయి గనక జిప్ చేసినా చోటు పెద్దగా కలిసిరాదు. అందుకని పాత వర్డ్ ఫైళ్ళు, లెక్కల ఫైళ్ళు మూట కట్టాను. ఫొటోలు, గొంతులు విప్పి ఉన్న ఫోల్డర్లలోనే, ఏడాదికొకటిగా ఉంచాను. మూట ముడి చెడితే లోపలివన్నీ పోయే ప్రమాదం ఎందుకు?

మూడు కాపీలు. ఒకటి కొత్త లాప్‌టాప్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్క్‌లో, ఒకటి పుణేలో అబ్బాయి దగ్గర. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట. ఇది ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం. ఆవకాయ కూడా ఒకే జాడీలో పెట్టం కదా! ఒక జాడీకి బూజు పడితే ఏడాదంతా ఏం చేస్తాం? మూడు చోట్లా వేలిముద్రల జాబితా పెట్టాను. ఏటా ఒకసారి మళ్ళీ వేలిముద్రలు తీయించి జాబితాతో పోలిస్తే, ఏ ఫైలైనా మనకి తెలియకుండా చెడిందా అన్నది తేలిపోతుంది. సారెతో పంపిన సామాను లెక్క చూసుకోవడమే.

"ఇంత తంటా ఎందుకు, అన్నీ గూగుల్‌లో ఉంటాయిగా" అని మా పక్కింటి పిన్నిగారు అన్నారు. ఉంటాయి. కాకపోతే అక్కడ కూడా పాతది అంటే ఏదో రాసిపెట్టినవాళ్ళు ఎవరో ఉన్నారు. ఫొటోలకి హద్దు లేకుండా ఉచితంగా ఇచ్చే పద్ధతి 2021 జూన్ 1తో ఆగింది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేది అన్నీ కలిపి 15 జీబీ. రెండేళ్ళపాటు ఎవరూ వాడని సొంత ఖాతాలని తీసేసే విధానం 2023 డిసెంబరు నుంచి ఉంది. వాళ్ళ లెక్క వాళ్ళది, ముందే చెప్పి చేస్తున్నారు. కానీ ఆలోచించండి, రెండేళ్ళుగా ఎవరూ తెరవని ఖాతాలు మన ఇళ్ళల్లో ఎవరివి ఉంటాయి? పోయినవాళ్ళవి. అమ్మ ఫోనుకి అనుసంధానమైన ఖాతా, ఆవిడ పోయాక ఎవరు తెరుస్తారు? అందులో ఉన్న మనవల ఫొటోలు, ఆవిడ పంపిన గొంతు సందేశాలు ఆ రెండేళ్ళలోపే దింపుకోవాలి. మీ ఇంట్లో అలాంటి ఖాతా ఉంటే ఈ వారమే చూడండి.

మనకి కంప్యూటర్ రాదనడం కన్నా, మనది కాదనుకోవడం ఎక్కువ అనిపిస్తుంది నాకు. ఎవరి పురిటికి ఎవరు వచ్చారో, ఏ ఫొటోలో చివరన నిలబడ్డ పిల్ల ఎవరి కూతురో, ఏ దస్తావేజు ఏ తగాదాలో అక్కరకొచ్చిందో ఇంట్లో గుర్తుండేది ఎవరికి? మనకే. ఆ జ్ఞాపకమే లేకపోతే ఎంత గొప్ప స్క్రిప్టైనా గుడ్డి జల్లెడే. జల్లెడ కన్నాలు ఎంత ఉండాలో నిర్ణయించేది, నూక పోవాలా ఉండాలా చెప్పేది మనం. అది చెప్పడానికి వాడే భాష నేర్చుకోవడం, కొత్త రకం ముగ్గు నేర్చుకోవడం కన్నా కష్టమేమీ కాదు. చుక్కలు సరిగ్గా పెట్టాలి, గీత ఎక్కడా తప్పకూడదు. ఆ ఓపిక మనకి ఉన్నదే.

మొదలుపెట్టాలనుకుంటే ఒకే ఒక్క ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. కదపకండి, చెరపకండి. ముందు జాబితా రాయించుకోండి, పదిహేను వేల వరసలు వచ్చినా భయపడకండి. ఎక్సెల్‌లో తేదీ వరసన పేర్చి, అన్నిటికన్నా కిందనున్న పాత పది ఫైళ్ళు తెరిచి చూడండి. ఇంట్లో ఎవరైనా "పాతవి తీసేద్దాం" అంటే కాదనక్కర్లేదు. "పాతవంటే ఏవి? ఏ తేదీ ప్రకారం? జాబితా ఏది?" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు వాళ్ళ దగ్గర లేకపోతే, మీరే రాసి ఇవ్వండి.